దసరా హాజరు

భవానీపురం, విజయవాడ
8 జులై 2025

రవూఫ్ అన్నయ్యగారికి వెంకటరావమ్మ నమస్కారాలు.

నేనెవరో గుర్తుందో లేదో. ఫియట్ కారు మార్కండేయులుగారి భార్యని. పోయిన కార్తీకంలో ఆయనకి పక్షవాతం వస్తే మీరు బందరు నుంచి బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. ఆ కంగారులో మీకు కాఫీ కూడా ఇప్పించలేదు. అది ఇప్పటికీ నా మనసులో పీకుతూనే ఉంది.

ఫోను చేయొచ్చుగా అనుకుంటారు. ఇంట్లో ఉన్న ఫోను ఒక్కటే, అది ఎప్పుడూ ఆయన గుండెల మీదే ఉంటుంది. పైగా నలభై ఏళ్ళు మెకానిక్ షెడ్డులో సుత్తి మోతకి మీ చెవులు మందగించాయని ఆయనే చెప్పారు. నేను అరిచి చెబితే వీధంతా వింటుంది. నా చదువు ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. జవాబు మాత్రం మా ఇంటికి రాయకండి. ఎదురింట్లో బట్టలు కుట్టే మాణిక్యమ్మగారి పేరు మీద రాయండి. ఆవిడ చిరునామా కవరు వెనక రాశాను, వానకి తడిస్తే చెరిగిపోతుందేమోనని ఈ కాగితం చివర కూడా రాశాను.

సంగతేమిటంటే, ఇంటర్నెట్టులో మీ అందరి "పాత ఫియట్ల పందిరి" ఉంది కదా, అందులో ఇప్పుడు ఎవరూ రాయడం లేదట. పద్నాలుగేళ్ళుగా ఆయనకి పొద్దున లేస్తే అదే పేపరు, అదే కాఫీ. వన్ టౌన్‌లో బట్టల కొట్టు నడిపిన రోజుల్లో కూడా బేరం మధ్యలో ఆపేసి, ఎవరికో ప్లగ్గులు ఎలా తుడుచుకోవాలో రాసేవారు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఫోను టింగుమనేది. అది టింగుమని నలభై మూడు రోజులైంది. చెడిపోయిందేమోనని రెండుసార్లు నన్ను షాపుకి పంపారు. "ఫోను బాగానే ఉందమ్మా, రాసేవాళ్ళే లేరు" అన్నాడు షాపతను. ఆ మాట నేను ఆయనతో అనలేదు. ఏదో వైరు మార్చారని చెప్పాను.

అన్నం సగం వదిలేస్తున్నారు. కాలు ఎత్తి దించమని డాక్టరు చెప్పింది చేయమంటే, "ఎవరి కోసం?" అంటున్నారు. ఇలా పడుకునే ఉంటే రెండోసారి వస్తుందని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. అన్నయ్యగారూ, మీరు ఒక ప్రశ్న వేయండి. మీకు తెలిసిందైనా సరే, తెలియనట్టు వేయండి.

కారు బాగానే ఉంది. వన్ టౌన్ షెడ్డులోనే ఉంది. ప్రతి గురువారం నేనే వెళ్ళి దుమ్ము తుడిచి వస్తున్నాను.

మీ చెల్లెలు
వెంకటరావమ్మ


బందరు
15 జులై 2025

చెల్లెమ్మకు రవూఫ్ సలాములు.

మీ ఉత్తరం తడవకుండానే వచ్చింది. "ఎవరో ఆడమనిషి ఎదురింటి చిరునామా ఇచ్చి ఉత్తరం రాసిందంటే ఏమిటి కథ?" అని మా ఆవిడ జమాల్ బీ నిలదీసింది. చదివి వినిపించాక తనే స్టాంపులు తెచ్చింది.

పందిరి సంగతి నిజమే. ఒకప్పుడు మూడు వందల మందిమి. దసరా హాజరు మీకు తెలిసిందేగా. పండగ రోజు ప్రతివాడూ బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఆ ఏడు అంకె రాసిన పలక ముందు నిలబెట్టి ఫొటో తీసి పందిట్లో పెట్టాలి. ఫొటో రాలేదంటే బండి అమ్ముకున్నాడనో, మనిషే లేడనో అనుకోవడం. మొదటి ఏడు నూట నలభై బండ్లు హాజరు. పోయిన దసరాకి పదకొండు.

అందరూ వాట్సాప్ గ్రూపుల్లోకి పోయారు. చదివే ఓపికెవరికుంది, వీడియో చూస్తారు. బావగారిని కూడా రమ్మన్నాను. "అక్కడ పొద్దున రాసింది సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పడి చస్తుంది. పందిట్లో రాస్తే పదేళ్ళ తరువాత ఇంకొకడికి పనికొస్తుంది" అన్నారు. ఆ ఇంకొకడేడీ?

ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. ఆయన నోరు కూడా కారణమే. కొత్తవాడెవడైనా వచ్చి అడిగితే, "ఇదివరకే చెప్పాం, వెనక్కి వెళ్ళి చదువుకో" అని కసిరేవారు. వాడు మళ్ళీ రాడు. నేనూ కసిరాను లెండి. ఇంటికొచ్చినవాళ్ళని ఇద్దరం కలిసి తరిమేసి, ఇప్పుడు గుమ్మంలో కూర్చుని ఎవరూ రావడం లేదంటున్నాం.

ప్రశ్నలు వేస్తాను. దిగులు పడకండి.

అబ్దుల్ రవూఫ్


భవానీపురం
6 ఆగస్టు 2025

అన్నయ్యగారికి,

టింగుమంది. ఒకటి కాదు, అయిదుగురు అడిగారు. తెనాలి ఆయనెవరో, బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతోంది, వేడెక్కాక ఆపితే ఇక లేవడం లేదని రాశాడట. "పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయమను! ఇది కూడా తెలియనివాడికి కారెందుకు?" అని నామీద కేకలేశారు. ఆ కేక విని ఎంత సంతోషించానో. ఆ పూట పప్పు మారు వడ్డించుకున్నారు.

సంతోషించానో లేదో, ఇంకో భయం పట్టుకుంది. పందిరి నడిపే హైదరాబాదు సురేష్‌గారు ఈ దసరా హాజరే ఆఖరిదని, తరువాత మూసేస్తున్నామని రాశారట. అది చదివినప్పటి నుంచి ఈయన పట్టుపట్టి కాలు ఆడిస్తున్నారు. మా మేడకి ఇరవై రెండు మెట్లు. దసరాకల్లా అవి దిగి, ఆటోలో వన్ టౌన్ వెళ్ళి, తన చేతులతో కారుకి దండ వేసి ఫొటో తీస్తారట. "పద్నాలుగు హాజర్లూ ఉన్నాయి నావి. ఆఖరిది తప్పితే ముందువన్నీ దండగ" అంటున్నారు. నిన్న గోడ పట్టుకుని తలుపు దాకా నడిచారు.

మెట్ల మీద పడితే ఎవరు లేపుతారు? నాకు నిద్ర లేదు. మీ దగ్గర మా కారు పాత ఫొటో ఏదైనా ఉంటే, ఆ పలక మీద అంకె మార్చడం ఎవరికైనా చేతనవునా? ఆయనకి తెలియకుండా పెట్టేసి, హాజరు అయిపోయిందని చెప్పేద్దాం. ఆయన మంచి కోసమే అడుగుతున్నాను.

మీ చక్కెర జబ్బు ఎలా ఉంది? చెప్పులు లేకుండా తిరగకండి.

వెంకటరావమ్మ


బందరు
25 ఆగస్టు 2025

చెల్లెమ్మకు,

దొంగ హాజరా! ఆ పలక నిబంధన పెట్టిందే బావగారు. పాత ఫొటో పెట్టిన గుడివాడ ఆసామిని ఆయన నాలుగు రోజులు ఉతికి ఆరేశారు. ఆయనకే ఆ పని చేయమంటారా?

అంత అవసరం లేదు. కళ్ళ పరీక్షకి వచ్చే నెల విజయవాడ వస్తున్నాను. షెడ్డు ఏ సందులో ఉందో రాసి, తాళం మాణిక్యమ్మగారి దగ్గర ఉంచండి. దండ, నిమ్మకాయలు, పలక అన్నీ నేనే చూసుకుంటాను. మీ బండిని నేను ఫొటోల్లో ముందువైపు చూడడమే తప్ప, ఒక్కసారీ లోపల కూర్చోలేదు. బుడమేరు వరదలో మేడ మెట్ల కింద పెట్టుకున్న బియ్యం తడిసినా బండికి మాత్రం చుక్క తగలనివ్వలేదని ఆయన గొప్ప చెప్పుకున్నారు. ఆ మహారాణిని నేనూ చూడాలిగా.

ఇంకో సంగతి. నా ప్రశ్నలు అయిపోతున్నాయి. మొన్న ఆటోనగర్‌లో పాత సామాన్ల మధ్య ఒక విచిత్రం దొరికింది. ఈ ఆదివారం దాని ఫొటో పెడతాను. ఈసారి ఆయన కూడా చెప్పలేరు, చూస్తూ ఉండండి.

అబ్దుల్ రవూఫ్


భవానీపురం
2 సెప్టెంబరు 2025

అన్నయ్యగారూ,

మీరు రావద్దు. షెడ్డుకి వెళ్ళొద్దు. ఈ ముక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది, మూడు కాగితాలు చింపాను.

షెడ్డులో కారు లేదు.

పక్షవాతం రావడానికి ముందు నెలలో కూరల బజారు దగ్గర ఆయన కాలు ఉన్నట్టుండి మొద్దుబారి, బ్రేకు తొక్కలేక కారు డయానా అనే పిల్ల పాదం మీదికి ఎక్కించారు. నర్సు చదువుతోంది ఆ పిల్ల. ఎముక అతికింది, ఇప్పటికీ కుంటుతోంది. ఈయన తన కాలు మొద్దుబారిన సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పనివ్వలేదు. తరువాత ఆసుపత్రిలో నోరు పెగలగానే అడిగిన మొదటి మాట నా పేరు కాదు. "కారు... తాళం..." అన్నారు. మళ్ళీ నడుపుతారు, ఈసారి ఎవరినో చంపేస్తారు, లేదా తనే పోతారు అనిపించింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఏడో రోజు ఆటోనగర్ నుంచి పాత బండ్లు కొనేవాళ్ళని పిలిపించాను. కారు తాళం ఆయన దిండు కింద ఉంది, తీస్తే తెలుస్తుంది. తాళం లేకుండానే లాక్కెళ్ళారు. పెళ్ళిళ్ళకి తిప్పుకుంటాం, ముక్కలుగా విప్పం అన్నారు. నమ్మాను. నమ్మాలనిపించి నమ్మాను.

గేరు పిడి ఒక్కటైనా ఉంచుకుందామని చూశాను. అది కారుతో వచ్చింది కాదు. పెడనలో మా మామగారు నేసిన మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తిన నాడె ఉంటే, దాన్ని కోయించి పిడిగా పెట్టుకున్నారు ఈయన. గట్టిగా తిప్పాను, ఊడిరాలేదు. వదిలేశాను.

అప్పటి నుంచి ప్రతి గురువారం వన్ టౌన్ వెళ్తున్నాను. షెడ్డు తాళం కూడా తీయను. గుడి అరుగు మీద అరగంట కూర్చుని వచ్చేస్తాను. "ఎలకలు దూరాయా?" అంటారు. లేదంటాను. "టైర్లలో గాలి?" ఉందంటాను. ఒకసారి నమ్మకం కోసం కుట్టుమిషను నూనె కొంగుకి రాసుకుని వచ్చాను.

ఫొటో ఎలాగోలా మీరే సృష్టించండి. ఆయన మెట్లు దిగేలోపు ఈ దసరా దాటాలి. మొన్న సాయంత్రం నుంచి ఆయన ఏదీ చదివి వినిపించడం లేదు. ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చూస్తే చెయ్యి తీసేశారు.

ఇది చదివి చింపేయండి.

వెంకటరావమ్మ


బందరు
2 సెప్టెంబరు 2025

చెల్లెమ్మకు,

ఓడిపోయాను! పందెం కట్టి ఉంటే మీసం తీయించుకోవాల్సి వచ్చేది.

చెప్పానుగా, ఆటోనగర్ విచిత్రం అని. స్టీరింగు గొట్టంతో సహా కొన్నాను. దాని గేరు పిడి ఇనుము కాదు, ప్లాస్టిక్కూ కాదు. నున్నటి నల్లచెక్క. చివర ఇత్తడి మొన, పక్కన పింగాణీ పూస పొదిగిన చిన్న రంధ్రం. నలభై ఏళ్ళలో అలాంటి పిడి చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం ఫొటో పెట్టి, "ఇది ఏ కంపెనీ వాళ్ళు చేసిన పిడి? చెప్పినవాళ్ళకి దండం పెడతాను" అని రాశాను. నా సొంత పేరుతోనే రాశాను.

బావగారు సాయంత్రానికి జవాబు పెట్టారు. చూడండి ఎంత బాగా రాశారో, ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"ఇది ఏ కంపెనీదీ కాదు. పెడన మగ్గం నాడె. ఆ రంధ్రంలోంచి నూలు వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే మనిషి చేతిలో తిరిగింది, తరువాత ఒకే మనిషి చేతి కింద ఉంది. ఎవరి దగ్గరుంటే వాళ్ళు తడి తగలకుండా చూసుకోండి. నిమ్మకాయతో తోమకండి, ఇత్తడి మెరుస్తుంది గానీ చెక్క చెడుతుంది."

ముప్పై ఎనిమిదేళ్ళని ఫొటో చూసి ఎలా చెప్పారు చెల్లెమ్మా? ఇంకా ఎవరున్నారు ఇలాంటివాళ్ళు? మీరు కంగారుపడ్డారు గానీ ఆయన బుర్ర బ్రహ్మాండంగా ఉంది. షెడ్డు తాళం సంగతి రాయలేదేం?

అబ్దుల్ రవూఫ్


భవానీపురం
9 సెప్టెంబరు 2025

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం మాణిక్యమ్మగారి గుమ్మంలో నిలబడి చదివాను. "ఏంటమ్మా, ఈ వయసులో నా ఇంటికి మీకు ఉత్తరాలు!" అని ఆవిడ ఎప్పటిలా నవ్వబోయి, నా మొహం చూసి మిషను ఆపేసింది.

ఇంటికి వెళ్ళాను. మీరు ఫొటో పెట్టి అప్పటికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల మధ్యలో ఒక గురువారం ఉంది. ఆ గురువారం కూడా నేను వెళ్ళొచ్చాను, ఆయన "ఎలకలు దూరాయా?" అని అడిగారు, నేను లేదన్నాను. తెలిసే అడిగారు.

దిండు కింద కారు తాళం లేదు. బల్ల మీద, నా మందుల డబ్బా పక్కన పెట్టి ఉంది. నేను ఏడుపు మొదలుపెట్టకముందే ఆయన అన్నారు:

"ప్రశ్నలు రవూఫ్‌వి అని మొదటి వారమే తెలుసు. అడిగే అయిదుగురూ శుక్రవారం నమాజు వేళకి ఒక్కసారే మాయమవుతారు. పాపం ముసలివాడు కష్టపడుతున్నాడులే అని జవాబులు రాశాను. ప్రశ్నలు అబద్ధమైతే ఏం, కారు నిజం కదా అనుకున్నాను."

"మీ కోసమే చేశానండీ" అన్నాను.

"కారు తీసేసింది నా కోసం. ప్రశ్నలు వేయించింది నా కోసం. ఇంకేమేం చేశావు నా కోసం?"

డయానా కాలు సంగతి ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. "అది నాతో అనాలి. ఆసుపత్రిలో అనాలి. ఇంట్లో అనాలి. నేను మాట పడతాను. నువ్వు అనలేదు, నూనె పూసుకొచ్చావు" అన్నారు. నూనె సంగతి కూడా తెలుసు అన్నయ్యగారూ. ఇంజను ఆయిలు వాసన వేరట.

ఆ రోజు నుంచి కాలు ఆడించడం మానేశారు. తలుపు దాకా నడిచిన మనిషి మంచం దిగడం లేదు. అన్నం మాత్రం పెట్టింది పెట్టినట్టు తినేస్తున్నారు. దానికి ఇంకా భయంగా ఉంది.

మీరు ఆ ఫొటో పెట్టకుండా ఉంటే ఎంత బాగుండేది.

వెంకటరావమ్మ


బందరు
16 సెప్టెంబరు 2025

వెంకటరావమ్మగారికి,

ఈ ఉత్తరం మీ ఇంటి చిరునామాకే రాస్తున్నాను. ఇక దాచడానికి ఏముంది.

ఫొటో పెట్టకుండా ఉండాల్సిందని నన్నంటున్నారు. జులైలో నాకు నిజం ఒక్క ముక్క రాసి ఉంటే, అది ఎవరి బండిదో నాకు తెలిసేది. "కారు బాగానే ఉంది, గురువారం తుడుస్తున్నాను" అని నాకు కూడా రాశారు. నన్ను అబద్ధం ఆడమని అడిగినప్పుడు కూడా మీరు నాకు అబద్ధమే చెప్పారు. పందిట్లో నాకు మిగిలింది ఒక్క మనిషి. ఆయన బండిని ముక్కలు చేసి, నా చేతనే ఆయనకి చూపించారు.

ఆయనకి నేను మూడుసార్లు రాశాను. జవాబు లేదు. జవాబు ఇవ్వకుండా ఆయన ఎవరినీ వదిలింది లేదు, తిట్టడానికైనా రాసేవారు.

గేరు పిడి గుడ్డలో చుట్టి ఆయన పేరు మీద పార్సిల్ చేశాను. తడి తగలనివ్వలేదు, నిమ్మకాయ పెట్టలేదు.

కళ్ళ పరీక్షకి గుంటూరు వెళ్తున్నాను.

అబ్దుల్ రవూఫ్


భవానీపురం
10 అక్టోబరు 2025

అన్నయ్యగారికి,

మీరు రాసిందంతా నిజమే. ఎదురు చెప్పడానికి రాయడం లేదు. పందిరి మూసేశారు కదా, ఆఖరి రోజు ఏం జరిగిందో మీకైనా తెలియాలని.

పార్సిలు అందింది. విప్పి, చేత్తో ఒకసారి తడిమి, కిటికీలో పెట్టించారు. ఆయుధ పూజకి దానికి బొట్టు పెట్టబోయాను. "ముట్టుకోకు" అన్నారు.

పండగ రోజు పొద్దున ఫోను నాకు అందించారు. సురేష్‌గారు ఆఖరి హాజరు పట్టీ పెట్టారట. అప్పటికి మూడు బండ్లు వచ్చాయి. సురేష్‌గారిది, విస్సన్నపేట ఎవరిదో, మీది. మీ బండి ముందు పలక మీద అంకె వంకరగా ఉంది, కళ్ళు ఎలా ఉన్నాయో ఏమో, గుంటూరులో ఏమన్నారు?

"రాయి" అన్నారు.

"నాకు ఇందులో రాయడం రాదండీ."

"ఉత్తరాలు వచ్చుగా. కారు తీసింది నువ్వు. హాజరు నువ్వే వేయాలి."

కారు నంబరు ఒక్కొక్క అంకే చెప్పారు. ముప్పై ఏళ్ళు ఆ కారులో కూర్చున్నాను, నంబరు నాకు తెలియదు. వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాను. నంబరు పక్కన ఏం రాయమంటారని అడిగాను. "ఉన్నది రాయి" అన్నారు. "లేదు" అని రాశాను. ఫొటో పెట్టే చోటు తెల్లగా ఉండిపోయింది.

నా తరువాత ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున తెరిస్తే పందిరి లేదు. పద్నాలుగేళ్ళు ఆయన రాసినచోట ఆఖరి మాట నాదై కూర్చుంది.

నిన్న గురువారం. అలవాటు కొద్దీ చీర మార్చుకుని, గుర్తొచ్చి, మళ్ళీ మంచం దగ్గర కూర్చున్నాను.

"వెళ్ళవా?" అన్నారు. వారం రోజుల్లో అదే మొదటి మాట.

"కారు లేదుగా అండీ."

"షెడ్డు ఉందిగా. ఊడ్చి రా."

వెళ్ళాను. పదకొండు నెలల తరువాత ఆ తాళం తీశాను, తుప్పు పట్టి తిరగలేదు, పక్క కొట్టతను వచ్చి తీసిపెట్టాడు. లోపల ఎలకలు ఉన్నాయి. చాలా ఉన్నాయి. అంతా ఊడ్చాను, గోడలు దులిపాను. నేల మధ్యలో ఆయిలు మరక ఎంత రుద్దినా పోలేదు.

మెట్లెక్కి వచ్చేసరికి ఆయన నా కుచ్చెళ్ళ వైపు చూశారు. మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఇవాళ వెళ్ళావు" అన్నారు.

అటు తిరిగి పడుకున్నారు.

వెంకటరావమ్మ